గువ్వలచెరువు ఘాటులో ఈల వేసిన వ్యాను

నేనీడ రాయబోయే ప్రతి మాటా నిజం. దేవుని పేరు మీద ఒట్టు పెట్టుకోవద్దని మా చర్చి అయ్యగారు ఎన్నోసార్లు చెప్పినారు గనక, ఆయన మాట తీసెయ్యకుండా, ఇప్పుడే రాయచోటి నుంచి తిరిగొచ్చి ఇంటి ముందర నిలబడిన నా వ్యాను ఇంజను మీద అరచెయ్యి ఆనించి ప్రమాణం చేస్తున్నాను. ఇంజను ఇంకా కాగుతానే ఉంది. అబద్ధమాడేవాడు ఇంతసేపు చెయ్యి అట్ల పెట్టుకోలేడు. ఎడమచెయ్యి దానిమీద పెట్టి కుడిచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే మన్నించండి, విషయం మాత్రం సూటిగానే ఉంటుంది.

వ్యాను వయసులో నాకంటే కొంచెమే చిన్నది. కొన్నప్పుడు తెల్లరంగు. ఇప్పుడు మా వేంపల్లె మట్టిది ఏ రంగో దానిదీ అదే రంగు. డీజిలు బండి, టర్బో లేని కాలం నాటిది. అంటే, మన మాదిరే అందినంత గాలి పీల్చుకుని బతికే ఇంజను. కొత్త బండ్లకు అట్ల కాదు. పొగగొట్టంలో వృథాగా పోయే పొగతోనే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, ఆ ఇరుసుకే ఇంకొక చక్రం తగిలించి, దాంతో గాలిని ఇంజన్లోకి బలవంతంగా తోస్తారు. దాన్నే టర్బో అంటారు. గాలి ఎక్కువైతే డీజిలు ఎక్కువ మండుతుంది, బలం ఎక్కువ వస్తుంది. మా బండి పుట్టినప్పుడు దానికి ఆ భాగ్యం రాసిపెట్టి లేదు.

మా పని చీనీకాయలు తోలడం. మీరు బత్తాయిలంటారు. వేంపల్లె చుట్టుపక్కల తోటల్లో కాయ కోయించి, గోతాలకెత్తి, కడప మీదుగా గువ్వలచెరువు ఘాటెక్కి, రాయచోటి మండీలో దించాల. నేను డ్రైవరు, నా భార్య క్లీనరు. నవ్వకండి. ఘాటు వచ్చేసరికి ఆమె ఒళ్లో ఒక బండరాయి ఉంటుంది. బండి ఊపిరాడక మధ్యలో నిలబడిపోతే, వెనక్కి జారకముందే కిందికి దూకి వెనక చక్రానికి ఆ రాయి అడ్డం పెట్టేది ఆమె పని. లోడు మరీ ఎక్కువున్న రోజు ఘాటు మొదట్లోనే దిగి పక్కన నడిచేది. నడిచీ నడిచీ విసుగుపుట్టి, బండిని నా ఖర్మానికి వదిలేసి ముందుకు పోయి, పైన గువ్వలచెరువులో పాలకోవ కొనుక్కుని, తిని, నాకొక పొట్లం కట్టించుకుని, మళ్ళీ కిందికి నడిచొచ్చేసరికి నేనింకా రెండో మలుపులోనే ఉండేవాణ్ణి. ప్రమాణం చేసినాను కదా, మళ్ళీ మళ్ళీ గుర్తు చెయ్యను.

నాకొక బామ్మర్ది ఉన్నాడు. నా భార్య తమ్ముడు. కడపలో కొత్త వ్యాన్లు కొని ట్రాన్స్‌పోర్టు పెట్టినాడు. మనిషి మంచోడే. ఆ మంచితనం మోయలేకనే నాకు నడుంనొప్పి. ఆదివారం ఆరాధన అయిపోయి బయటికి రాగానే నా బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేవాడు, టైరును బూటుతో ఒక తన్ను తన్నేవాడు.

"బావా, దీన్ని గుజిరీకి ఏసెయ్. ఇనుము తూకానికన్నా పోతాది. నువ్వొచ్చి నా బండి తోలు. ఏసీ ఉండాది, పాటలుండాయి, నెల తిరిగేసరికి జీతం."

"నీకాడ జీతానికుండాలనా?"

"నాకాడ కాదు బావా, నా బండిలో. రెండూ ఒకటే గానీ, అట్లంటే వినేదానికి బాగుంటాది."

జీతం చెడ్డదని నేను అనను. కానీ వాడి బండ్లలో అద్దం కింద ఒక చిన్న డబ్బా ఉంటుంది. బండి యాడ నిలబడింది, ఎంతసేపు నిలబడింది, అంతా ఎప్పటికప్పుడు వాడి ఫోనుకు చెప్తుంది. నేను దోవలో నా ఇష్టమొచ్చిన టీ అంగడి ముందర ఆపుకుని నలుగురికి నాలుగు కతలు చెప్పి కదిలే మనిషిని. తను యాడున్నాడో ఇంకొకడికి కచ్చితంగా తెలిసిపోవడం కంటే కతలు చెప్పేవాడికి వేరే నరకం లేదు. అందుకే ముసలిదైనా మొండిదైనా నా బండి నాకు కావాల.

చివరికి ఒక ఎండాకాలం, ఘాటు మధ్యలో బండి నిలబడిపోయి, వెనక లారీలన్నీ హారన్లు కొట్టి నా ఏడు తరాలను తలుచుకున్న రోజు, కాయ ఆలస్యంగా చేరింది. మండీ సాహుకారు గోతంలో చెయ్యి పెట్టి మెత్తబడిన కాయ ఒకటి తీసి నా చేతిలో పెట్టినాడు. "ఇంకో తూరి ఇట్లయితే లోడు మీ బామ్మర్దికి చెప్పుకుంటానప్పా" అన్నాడు. ఆ మాట నాకంటే ముందే కడప చేరింది. ఆదివారం చర్చి ముందర బామ్మర్ది నా ఎదురుగా నిలబడినాడు.

"బావా, ఒక్క పందెం. నిండు లోడేసుకో. నన్ను పక్కన కూర్చోబెట్టుకో. చక్రం కింద రాయి పెట్టకుండా ఘాటు ఎక్కించు. ఎక్కిస్తే ఇంక గుజిరీ మాట ఎత్తను. ఎక్కకపోతే తాళం నా చేతికియ్యాల, మర్సటి దినం నుంచి నా బండెక్కాల."

నా భార్య వాణ్ణి పైనుంచి కిందికి చూసింది. "నువ్వు కూర్చుంటే ఇంకో రెండు గోతాలు ఏసినట్టే కదరా."

"నేను గూడా లోడే అనుకో అక్కా."

"సరే" అన్నాను నేను. అనేసినాక గానీ నోట్లో ఏమొచ్చిందో తెలియలేదు. నాకెప్పుడూ అంతే.

కడపలో నాకు తెలిసిన మెకానిక్ భాయ్ ఒకాయన ఉన్నాడు. ప్రపంచంలో తనకు రాని పని లేదంటాడు. వచ్చిన పనుల్లో సగం రెండోసారి చేస్తాడు. ఆయన దగ్గరికి పోయి, "భాయ్, నా బండికి టర్బో పెట్టాల" అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, బానెట్టు ఎత్తి, లోపలికి చూసి, నా మొహం చూసి, మళ్ళీ లోపలికి చూసినాడు.

"ఏమప్పా, ముసలోనికి పహిల్వాను ఊపిరి పెడతామంటావా? రొమ్ము పగిలితే?"

"పగులుతాదా?"

"పగిలితే సప్పుడొస్తాది. నీకే తెలుస్తాదిలే."

ఇద్దరం గుజిరీ అంగళ్లన్నీ తిరిగినాము. గుద్దుకుని నుజ్జయిన జీపు ఒకదాంట్లో దొరికింది మాకు కావలసింది. పెద్ద నత్తగుల్ల మాదిరి ఇనుప ముద్ద. భాయ్ దాని ఇరుసును వేళ్లతో అటూ ఇటూ ఊపి, సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు లోపలికి తొంగి చూసి, "బతికుండాది" అన్నాడు.

తర్వాత చాలా రోజులు నా బండి కడుపు తెరుచుకుని ఆయన షెడ్డులోనే ఉంది. ఇంజనుకూ టర్బోకూ బోల్టుల రంధ్రాలు కలవవు. మందపాటి ఇనుప పలక కోసి, మధ్యన పెట్టి వెల్డింగు చేసినాడు. టర్బో ఇరుసుకు నూనె అందాల గనక ఇంజనులోనుంచి ఒక సన్న గొట్టం లాగినాడు. ఆ నూనె మళ్ళీ ఇంజను కింది తొట్టిలోకి దిగాల గనక దానికి ఒక రంధ్రం కొట్టి లావు గొట్టం పెట్టినాడు. మొదట పెట్టిన గొట్టం కొంచెం ఎదురెక్కింది. నూనె దిగలేక పొగగొట్టంలోకి కారి, షెడ్డు ముందర వీధి వీధంతా తెల్లపొగ. ఎదురింటామె, దోమలకు మందు కొట్టేవాళ్లు వచ్చినారనుకుని పిల్లోళ్లను లోపలికి లాక్కుని తలుపేసుకుంది. రెండోసారి పెట్టినాడు. గాలి పోయే రబ్బరు గొట్టానికి క్లిప్పు వదులై, ఇంజను గట్టిగా తొక్కగానే అది తుపాకి పేలినట్టు ఊడింది. భాయ్ టీ గ్లాసు చేతిలోనే ఉంది గానీ టీ మాత్రం గోడ మీదుంది. డీజిలు పంపు మీదుండే స్క్రూను కొంచెం తిప్పి, "ఇంతే. ఇంతకంటే ఆశపడితే పిస్టను కరిగిపోతాది" అని స్క్రూడ్రైవరు జేబులో దాచిపెట్టుకున్నాడు. నన్ను నమ్మలేదు. మంచి పనే చేసినాడు.

నేను బండి తీసుకుపోయేటప్పుడు ఒక్క మాట చెప్పినాడు. "ఎత్తు ఎక్కినాక ఎంటనే ఇంజను ఆపొద్దు." నేను ఊ అన్నాను. పెండ్లి రోజు పెద్దలు చెప్పే మాటలకు ఊ అన్నట్టు.

బండి మారిపోయింది. తొక్కగానే సన్నగా ఈల వేసేది. మేకల సంగతి చెప్తాను. మా ఊరి దగ్గర గండికి పోయే దోవలో ఒకాయన ఈల వేసి తన మందను పిలుచుకుంటాడు. నా బండి ఈల విని ఆ మందంతా ఆయన్ని విడిచిపెట్టి నా వెనకాల పడింది. వేంపల్లె నాలుగు రోడ్ల దాకా వచ్చినాయి. ఆయన పరిగెత్తుకుంటా వచ్చి, "నీ బండికి పాలు పితుక్కుంటావా ఏంబ్బా?" అని అడిగినాడు. 

ఆ సంతోషంలో నేనూ నా భార్యా ఊరి పక్క గుట్టమీదికి బండిని ఉత్తుత్తినే తోలుకుపోయినాము. గడగడా ఎక్కేసింది. ఇప్పుడు మా దేశం పద్ధతి ఒకటి చెప్పాల. ఎండిన సీమలో పుట్టినోళ్లం. బిందె కింద నీళ్లు పారినా, నిలబడిన బండిలో ఇంజను తిరిగినా మా ప్రాణం ఒప్పదు. ఎత్తు ఎక్కినాక ఇంజను ఆపేసి, దిగుడులో ఊరికే జారుకుంటా పోయే డ్రైవర్లు మా పక్క ఎంతమందో. అది తప్పని అందరికీ తెలుసు, బ్రేకులకు మంచిది కాదని తెలుసు, అయినా చెయ్యి ఊరుకోదు. గుట్ట మీద బండి నిలబడగానే తాళం మీదికి ఒకేసారి రెండు చేతులు పోయినాయి. ఒకటి నాది, ఒకటి నా భార్యది. ఆమెది ముందు చేరింది. టక్కున ఆపేసింది.

మళ్ళీ స్టార్టు చేస్తే ఈల లేదు. కీచుమని ఒక అరుపు, ఆపైన నల్లపొగ. బండిని ఎట్లనో కడప చేర్చినాము. భాయ్ టర్బో విప్పి, ఇరుసు పట్టుకుని తిప్పబోయినాడు. కదల్లేదు.

"ఆపొద్దంటిని కదప్పా!"

"డీజిలు దండగని..." అన్నాను.

"ఇంజను ఆపినా లోపల చక్రం ఊరికే ఉంటాదా? ఎర్రగా కాలి గిరగిరా తిరుగుతాంటాది. నువ్వు ఇంజను ఆపితే నూనె రాదు. ఉన్న నూనె మాడి బొగ్గయిపోతాది. ఇంగ ఇరుసు పట్టుకోక ఏం చేస్తాది?"

నా భార్యకు వెంటనే అర్థమయింది. "దోసె పెనం కాలిపోతాంటే నూనె ఏయకుండా పోయినట్టు."

"ఆఁ, నీకు తెలిసిందమ్మా. ఈయనకే తెలీదు."

"ఆపింది ఆమె భాయ్!"

"ఎంతసేపు తిరగనీయాల?" అని ఆమె నన్ను పట్టించుకోకుండా అడిగింది.

"కొంచెంసేపు. ఒక బీడీ తాగేంత."

"మా బండిలో బీడీలు లేవు" అందామె. "ఒక కీర్తన పాడేంతసేపు చాలునా? అన్ని చరణాలూ?" అని అడిగింది.

భాయ్ గడ్డం గోక్కున్నాడు. "పల్లవి తిప్పి తిప్పి పాడేదేనా?"

"చరణం చరణానికీ."

"అయితే శానా చాలు."

ఇంకో గుజిరీ టర్బో లోపలి భాగం తెచ్చి మా దాంట్లో అతికించినాడు. ఆ రోజు నుంచి మా బండికి ఒక నియమం వచ్చింది. ఎత్తు ఎక్కినాక కీర్తన, కీర్తన అయినాక తాళం. మొదట్లో నాకు చేతులు దురదపుట్టేవి. చేతులు కట్టుకుని కూర్చునేవాణ్ణి. అయ్యగారు ఎన్నేండ్లు చెప్పినా నేర్చుకోని భక్తిని ఒక ఇనుపముద్ద నాకు నేర్పించింది.

పందెం రోజు వచ్చింది. మే నెల కడప మధ్యాహ్నం. గోతాలు తాడు తెగేంత నింపినాము. బామ్మర్ది ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి మధ్యలో కూర్చున్నాడు, నా భార్య తలుపు పక్కన, ఆమె ఒళ్లో రాయి. వెనకాలే వాడి కొత్త వ్యాను ఖాళీగా వస్తోంది.

"ఆ బండి ఎందుకురా?" అని అడిగినాను.

"నీ కాయ చెడిపోగూడదు కద బావా. ఈడ ఆగిపోతే దాంట్లోకి మారుద్దామని."

అప్పుడే నాకు పట్టుదల ఎముకల్లోకి దిగింది. ఓడిపోతే ఓడిపోవచ్చు, కానీ మనం ఓడిపోయేదానికి ముందే ఒలికేది పట్టేదానికి ఎవరో గిన్నె పట్టుకుని నిలబడితే భరించలేము.

ఘాటు మొదలు కాగానే నేను హీటరు తిప్పినాను. అవును, హీటరే. ఇంజను వేడిని కొంత మనమీదికి లాక్కుంటే దానికి చల్లగా ఉంటుందని భాయ్ చెప్పినాడు. ఆ బండికి హీటరు ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. కడపలో పుట్టినోడికి దాని బొత్తాము ఎందుకు కనపడుతుంది? వేడిగాలి బుస్సుమని మొహాల మీదికి కొట్టింది.

"బావా, ఏంది బావా ఇది! సంపుతావా ఏంది?"

"ఏసీ కావాలంటే ఎనక బండెక్కు."

దిగలేదు. వాడూ మా అత్తగారి బిడ్డే కదా. ఇస్త్రీ చొక్కా పిండితే కుండెడు వచ్చేటట్టయింది. బండి మాత్రం రెండో గేరులో ఈల వేసుకుంటా ఎక్కుతోంది. నా భార్య గతంలో రాయి పెట్టిన చోట్లన్నీ ఒక్కొక్కటే కిటికీలోనుంచి వెనక్కి పోతున్నాయి. ఒక్కో చోటు దాటినప్పుడల్లా ఆమె రాయిని అరచేత్తో తట్టింది. ఒక మలుపులో మూడో గేరు కూడా వేసినాను. బామ్మర్ది నోరు తెరిచినాడు. వేడిగాలి లోపలికి పోయేసరికి మూసేసినాడు.

పై మలుపుల్లో ఒక లారీ పాడైపోయి అడ్డంగా ఉంది. ఎదురుగా వచ్చే బండ్లను ముందు వదులుతున్నారు. ఆగక తప్పలేదు. నిండు లోడుతో, నిట్టనిలువు ఎత్తులో, బ్రేకు మీద కాలు పెట్టి ఆగినాను. టర్బోతో వచ్చే చిక్కంతా ఈడే. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అది నిద్రపోతుంది. పొగ బలంగా వస్తే గానీ లేవదు. అంటే నిలబడిన చోటునుంచి కదిలించాల్సింది ఆ పాత ముసలి ఇంజనే.

బామ్మర్ది మొహం చెమటలోనే వెలిగింది. "అక్కా, దిగు. రాయి పెట్టు. పానాలకంటే పందెం ఎక్కువ కాదు."

"నేను దిగను."

"జారిపోతాది అక్కా!"

"జారితే నువ్వుండావు కదరా. రాయికంటే బరువు."

దోవ వదిలినారు. హ్యాండు బ్రేకు ఒక చేత్తో పట్టుకుని, క్లచ్చి సగం వదిలి, యాక్సిలేటరు తొక్కినాను. ఇంజను అరిచింది. బండి జానెడు వెనక్కి జారింది. వెనకున్న కొత్త వ్యాను డ్రైవరు హారను మీద పడినాడు. క్లచ్చి కాలిన వాసన. ఇంకా తొక్కినాను. ఆ వాసనలోనే, ఎక్కణ్ణుంచో దూరంగా, సన్నగా ఈల మొదలయింది. ఈల పెరిగింది. బండి వణికింది, నిలబడింది, ముందుకు పోయింది. హ్యాండు బ్రేకు వదిలేసినాను. ఇంక ఎవరికోసమూ ఆగలేదు. నా భార్య రాయిని కాళ్ల దగ్గర పెట్టేసింది.

ఎక్కినాక కోవ అంగళ్ల ముందర నిలబెట్టినాను. బామ్మర్ది అలవాటు కొద్దీ, "ఆపు బావా, డీజిలు!" అని తాళం మీదికి చెయ్యి పోనిచ్చినాడు. వాడి అక్క ఆ చేతిమీద ఒక్కటి కొట్టింది. కొట్టి, కీర్తన ఎత్తుకుంది. నేను కలిసినాను. చిన్నప్పటి నుంచి చర్చిలో పెరిగినవాడు, పల్లవి వచ్చేసరికి బామ్మర్దికి కూడా పెదవులు ఆగలేదు. ఎర్రగా కాలిన టర్బో పైన, హీటరు ముందర, ముగ్గురం చెమటలు కారుకుంటా చరణాలన్నీ పాడినాము. కోవ అంగడామె గరిటె పట్టుకుని బయటికొచ్చి, ఎవరైనా పోయినారేమోనని బండి వెనకాల తొంగి చూసింది. చివరి పల్లవి అయినాక నేను తాళం తిప్పినాను. బామ్మర్ది కిందికి దిగి, బానెట్టు మీద చెయ్యి పెట్టి, "ఓడిపోతి బావా. ఇది బండి కాదు, గుర్రం" అని అందరికీ కోవ ఇప్పించినాడు.

ఇప్పుడు ఒప్పుకోవాల. ఒక్క చోట కల్పించినాను. మేకల దగ్గర అనుకుంటారేమో, కాదు. కోవ తినొచ్చి నన్ను కలిసే నా భార్య దగ్గరా కాదు. కల్పించింది ఆ చివరి మాట. బామ్మర్ది ఓడిపోయినానని అనలేదు. గుర్రమనలేదు. కోవ ఇప్పించలేదు, మేమే కొనుక్కున్నాము. వాడు దిగి, చొక్కా పిండుకుని, "ఎనక నుంచి గాలి తోసిండాదిలే బావా. సూస్తాండు, ఆర్నెల్లు తిరగకముందే ఇంజను పగులుతాది" అని చెప్పి తన వ్యానెక్కి, అద్దాలు మూసుకుని పోయినాడు.

అనాల్సింది అనలేదు గనక, ఆ మాటను నేనే తయారుచేసి వాడి నోట్లో పెట్టినాను. దానికి నేను సిగ్గుపడేది లేదు. ఇంజను సంగతికొస్తే, వాడు చెప్పింది తప్పు కాకపోవచ్చు. భాయ్ కూడా అదే అంటాడు, కాకపోతే నవ్వుతా అంటాడు. పగిలితే పగలనీ. ఆ దినం దాన్ని గుజిరీకి నేనే తీసుకుపోతాను, స్టీరింగు నేనే పట్టుకుంటాను, దోవలో ఎన్ని టీ అంగళ్లుంటే అన్నింటి దగ్గరా ఆపుతాను. అంతవరకు రేపు లోడు ఉంది, ఎల్లుండి లోడు ఉంది. తాళం వాడు మళ్ళీ అడగలేదు. నేను ఇయ్యలేదు.